చీకటి దేవుడికి గడపకో సోలెడు
కల్పలోకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి. ఫాంటసీ కథల్లో, బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లే ఆటల్లో, చీకటి దేవుణ్ని మామూలు జనం ఎలా కొలుస్తారు? నల్ల ముసుగుల పూజారులు, రక్తపు గిన్నెలు అందరూ రాస్తున్నారు. పొద్దున్నే పొలానికి పోయే మనిషి ఆ దేవుడితో ఎలా నెట్టుకొస్తాడో రాయడం దగ్గరే ఇబ్బంది పడుతున్నారు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే.

*

నా నవలలో మొసలిదొర అనే నది దేవుడున్నాడు. వరదలు, మునిగి చావడాలు ఆయన చలవే. ఊరంతా ఆయన్ని పూజిస్తుంది. చదివిన స్నేహితులు "ఇంత దుర్మార్గుణ్ని ఎవరైనా ఎందుకు పూజిస్తారు, వీళ్లకేమైనా పిచ్చా?" అంటున్నారు. ఎక్కడ తప్పింది?
— ఒక పాఠకురాలు, తెనాలి

ఊరివాళ్లు ఆయన్ని ప్రేమిస్తున్నట్టు రాసి ఉంటారు. అలాంటి దేవుడికి జనం మొక్కేది రమ్మని కాదు, మా వైపు రావద్దని. ఈ ఒక్క మాట పట్టుకుని మీ పూజ ఘట్టాలన్నీ మళ్లీ చదవండి. సగం వాటంతటవే సర్దుకుంటాయి.

దీనికి చాలా పాత ఉదాహరణ ఉంది. సుమారు 3,600 ఏళ్ల నాటి మట్టిపలకల మీద దొరికిన బాబిలోనియా జలప్రళయ కావ్యంలో భూమ్మీద మనుషుల సందడి భరించలేక ఎన్లిల్ దేవుడు మహమ్మారిని పంపుతాడు. మనుషుల పక్షాన ఉన్న ఎంకి దేవుడు ఒక ఉపాయం చెబుతాడు. మీ మీ దేవుళ్లకు పూజలు ఆపండి, మహమ్మారి దేవుడు నమ్తార్ వాకిలి వెతుక్కుంటూ వెళ్లండి, కాల్చిన రొట్టె ఆయన ముందు పెట్టండి, ఆ కానుక చూసి సిగ్గుపడి చెయ్యి వెనక్కి తీసుకుంటాడు, అని. నమ్తార్ మంచివాడని అక్కడ ఎవరూ అనలేదు. తిండి పెట్టినవాణ్ని కొట్టడానికి చెయ్యి రాదన్న లోకజ్ఞానం మీదే ఆ పూజంతా నిలిచింది. మీ ఊరివాళ్ల మనసులో ఉండాల్సింది సరిగ్గా అదే. పెద్ద నమ్మకం అక్కర్లేదు, ఒక లెక్క ఉంటే చాలు.

ఇక పని ఎలా మొదలుపెట్టాలంటారా? ముందు ఆ దేవుడు ఏం తీసుకుపోతాడో ఒక్కటే ఒక్కటి తేల్చుకోండి. మొసలిదొర మునిగినవాళ్లను తీసుకుపోతాడు. అంతే. రోగాలు, కరువు, యుద్ధం కూడా ఆయన ఖాతాలో వేస్తే పూజకు పదును పోతుంది. తర్వాత ఆ ప్రమాదం ఏడాదిలో ఎప్పుడొస్తుందో చూసుకుని, పూజను దానికి కాస్త ముందు పెట్టండి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. వరదొచ్చాక పూజ పెడతారు. నిజంగా భయపడే మనిషి ముందే కట్టేస్తాడు.

రోమన్ల రోబిగాలియా పండుగ చూడండి. గోధుమకు పట్టే కుంకుమ తెగులును వాళ్లు రోబిగస్ అనే దేవుడిగా కొలిచేవారు. పండుగ ఏప్రిల్ 25న. పైరు ఇంకా చేలోనే ఉండి, తెగులు పడితే పంట మొత్తం పోయే రోజులవి. ఊరి నుంచి ఊరేగింపుగా రోడ్డు పట్టుకుని అయిదో మైలురాయి దాకా పోయి, అక్కడ పూజారి కుక్కను, గొర్రెను బలిచ్చేవాడు. సాంబ్రాణి, ద్రాక్షసారా కూడా ఉండేవి. కవి ఒవిడ్ ఆ ప్రార్థనను తన పద్యాల్లో రాసిపెట్టాడు. పైరు జోలికి రాకు, తినాలనుంటే కత్తుల్ని, బల్లేల్ని తిను, కొడవళ్లు నాగళ్లు మెరుస్తూ ఉండనీ, అని దాని సారం. పైరుకు పట్టే ఆ తెగులూ, ఇనుముకు పట్టే తుప్పూ వాళ్ల భాషలో ఒకే మాట. తుప్పు దేవుడికి తినడానికి ఇనుము చూపిస్తున్నారన్నమాట. నీ ఆకలి మాకు తెలుసు, కాకపోతే ఇటు కాదు, అటు చూడు, అని బతిమాలడం. మొసలిదొర ప్రార్థన కూడా ఇలాగే రాయండి. "మా పిల్లల్ని వదిలెయ్, కొట్టుకొచ్చే దుంగల్ని పట్టుకుపో" అన్న ఒక్క వాక్యం పది పేజీల స్తోత్రం చేయలేని పని చేస్తుంది.

ఒక చిన్న సూచన. నదికి తొలి ఎర్రనీరు దిగే ముందు, పడవకట్టే రేవులో, ఊళ్లో ఈతరాని పిల్లలెందరో లెక్కపెట్టి అన్ని మట్టిబొమ్మలు నీళ్లలో వదులుతున్నట్టు రాసి చూడండి. పచ్చిమట్టి బొమ్మ నీళ్లలో పడ్డాక చెయ్యీ కాలూ విడిపోతూ కరుగుతుంది. అది చూస్తున్న తల్లి ముఖం వర్ణించనక్కర్లేదు.

*

నైవేద్యం ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి? ప్రతి చోటా మేకను కోస్తుంటే నాకే విసుగొస్తోంది.
— ఒక పాఠకుడు, కరీంనగర్

ముందు ఊరి లెక్క వేయండి, దేవుడి సంగతి తర్వాత. 200 గడపల ఊరు అనుకుందాం. గడపకో సోలెడు బియ్యం వసూలు చేస్తే 200 సోలలు. కోస్తా కొలతల్లో 16 సోలలు ఒక కుంచం, 4 కుంచాలు ఒక తూము. అంటే పన్నెండున్నర కుంచాలు, మూడు తూముల పైచిలుకు. మంచి ఏడాదిలో ఎవరికీ బరువు కాదు. కరువేడాదిలో అదే సోలెడు ఒక పూట గంజి. కథ పుట్టేది అక్కడే. ఎవరు ఇవ్వలేకపోయారు, ఎవరు సగం సోలతో సరిపెట్టి పైన ఊక కలిపారు, పిడుగు పడితే ఆ నింద ఎవరి గడప మీదికి పోయింది.

మాంసానిదీ ఇదే లెక్క. మోస్తరు మేకపోతులో తినేందుకు పన్నెండు కిలోలు తేలిందనుకుంటే 200 గడపలకు పంచితే ఇంటికి 60 గ్రాములు, నాలుగు ముక్కలు కూడా రావు. అందుకని ఒక్క పోతుతో ఊరంతా విందు చేసుకున్నట్టు రాయకండి. ఒక్కటే పోతయితే అది ప్రసాదం. విందే కావాలంటే ఇరవై పోతులు కావాలి, అంటే డబ్బున్న ఇంటి మొక్కు అయ్యుండాలి.

అంతకన్నా ముందే తేల్చుకోవాల్సింది, అది తినే పూజా తినని పూజా అన్నది. ప్రాచీన గ్రీకులు పై లోకపు దేవతలకు బలిచ్చినప్పుడు మాంసం పంచుకుని తినేవారు. పాతాళంవైపు శక్తులకు ఇచ్చేటప్పుడు చాలాచోట్ల నల్ల జంతువును ఎంచి, నేలలో గొయ్యి తీసి నెత్తురు అందులోకి వంపి, జంతువును పూర్తిగా కాల్చేసేవారు. ద్రాక్షసారా బదులు తేనె కలిపిన పాలు, నీళ్లు పోసేవారు. చావును తెచ్చేవాడితో ఒకే కంచంలో తినకూడదనే జంకు అందులో ఉంది. ఈ తేడా మీ కథలో ఒక్కసారి స్థిరపడితే చాలు, తర్వాత ఎవరైనా ఆ మాంసం నోట్లో పెట్టుకున్నప్పుడు చదివేవాళ్లు ఉలిక్కిపడతారు.

మొత్తం జంతువును కాల్చేసే స్తోమత అందరికీ ఉండదు. ఈజిప్టులో పేదవాళ్లు పిండితో పంది బొమ్మ చేసి కాల్చి అర్పించేవారని గ్రీకు చరిత్రకారుడు హెరొడొటస్ రాశాడు. మన దగ్గర బూడిదగుమ్మడికాయ కొట్టి కుంకుమ అద్దడం అందరూ చూసిందే. మీ లోకంలో కూడా పేదల బలి ఒకటి ఉండాలి, అది ఉన్నవాళ్ల బలికి చిన్న నకలు కావాలి. గొర్రెకు బదులు గొర్రె ఆకారంలో పిండి, నెత్తుటికి బదులు ఎర్రటి నీళ్లు. దేవుడు ఆ బదులును ఒప్పుకుంటాడా లేదా అనే అనుమానం ఎప్పుడూ వాళ్లను తొలుస్తూ ఉంటుంది.

పెట్టిన తిండి తర్వాత ఏమైందో కూడా రాయండి. గ్రీకు ఊళ్లలో ప్రతి నెలా అమావాస్య వేళ హెకటే దేవతకు మూడుదారులు కలిసేచోట భోజనం పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. ఆ భోజనం పెట్టీ పెట్టగానే పేదవాళ్లు ఎత్తుకుపోయి తినేవారని అరిస్టోఫనీస్ నాటకంలో ఒక మాట ఉంది. చీకటి దేవతకు పెట్టిన కూడు ఆకలిగొన్నవాడి కడుపులోకి పోతుంది, అది ఊరందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నైవేద్యం అనగానే రక్తం మీదికే మనసు పోతుంది కానీ, కథకు ఉపయోగపడే సంగతి ఇందులోనే ఎక్కువుంది.

*

చీకటి దేవుడికి భయంకరమైన పేరు పెట్టడం ఎలా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

పెట్టకండి. భయపడేవాళ్లు ఆ పేరు పలకరు. రాత్రిపూట పాము అనకుండా పురుగు అంటాం. కాటేసినా "పురుగు ముట్టింది" అనే అంటాం. మశూచికి "అమ్మవారు పోసింది" అన్నారు మన పెద్దలు. గ్రీకులు పగ తీర్చుకునే ఎరిన్యీలను "దయగలవాళ్లు" అని పిలిచారు, పాతాళరాజు హేడీస్‌ను సంపదలిచ్చేవాడు అనే అర్థంలో ప్లూటోన్ అన్నారు.

బొలీవియాలో పొటోసి వెండి గనుల దేవుడిది మరీ చక్కని ఉదాహరణ. గని లోపల కొమ్ములతో, మట్టితో చేసిన విగ్రహం కూర్చుని ఉంటుంది. గని ఆయనది, ఖనిజం ఆయనది, ఊపిరితిత్తులు తినేసే దుమ్మూ కూలే కప్పూ ఆయనవే. కార్మికులు ఆయన్ని పిలిచే పేరు టియో. స్పానిష్‌లో ఆ మాటకు మామ, బాబాయి అని అర్థం. కోకా ఆకులు ఒళ్లో పోస్తారు, సిగరెట్టు వెలిగించి నోట్లో పెడతారు, ఘాటైన సారా ముందు నేలకు నాలుగు చుక్కలు వంచి తర్వాత తాము తాగుతారు. ఏడాదిలో కొన్ని రోజుల్లో లామాను కోసి నెత్తురు గని నోటికి చల్లుతారు. పైకొచ్చాక వాళ్లు చర్చికి వెళ్లే కేథలిక్కులే. పైన దేవుడిది, కింద మామది. ఇందులో వాళ్లకు ఏ పేచీ లేదు.

కాబట్టి మీ దేవుడికి మూడు పిలుపులు సిద్ధం చేసుకోండి. ఇంట్లో అనే చుట్టరికపు పిలుపు ఒకటి, పూజలో అనే గౌరవపు పిలుపు ఒకటి, గ్రంథాల్లో తప్ప ఎవరూ పలకని అసలు పేరు ఒకటి. మూడోది నవల మొత్తంలో రెండుసార్లకు మించి వినిపించకూడదు. ఒకసారి తెలియని పరదేశి నోట, ఒకసారి తెగించినవాడి నోట.

*

మా బృందం ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే కల్పిత లోకంలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే రోల్‌ప్లే ఆట ఆడుతోంది. ఓడరేవు పట్నంలో అంబర్లీ గుడి పెట్టాను. పది నిమిషాల్లో మావాళ్లు "దుష్టదేవత గుడి" అని నిప్పు పెట్టేశారు. ఆట నడిపేవాడిగా నేనేం చేయాల్సింది?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

గుడిలోకి పూజారిణిని ముందు తెచ్చి ఉంటారు, జనాన్ని తర్వాత తెద్దామనుకుని ఉంటారు. వరస తిప్పండి.

అంబర్లీ సముద్రపు కోపానికి దేవత. ఆ లోకంలో ఆమె మీద ప్రేమతో పూజించేవాళ్లు బహు తక్కువ. ఓడ ఎక్కే ప్రతివాడూ మాత్రం ఎంతో కొంత చెల్లిస్తాడు. తుఫాను పడితే బంగారం, రత్నాలు సముద్రంలోకి విసురుతారు. వాటర్‌డీప్ నగరంలో నౌకల పండుగకు జనం దగ్గర నాణేలు పోగుచేసి రేవులో ఆమె పేరున్న లోతైన గుంటలో వదులుతారు, దొంగలు దిగకుండా మత్స్యమానవులు కాపలా ఉంటారు. ఇన్ని వివరాలు చేతిలో ఉండగా గుడిని రాక్షసుల గుహలా చూపించడం ఆటకే నష్టం.

ఆటగాళ్లు గుడిని చూడకముందే మూడు చోట్ల ఆ పూజను చూడాలి. మొదటిది, వాళ్లు ప్రయాణానికి మాట్లాడుకున్న ఓడ. బాడుగలో "రాణిగారి వంతు, మనిషికి రెండు వెండి నాణేలు" అని సరంగు విడిగా అడగాలి. ఎవరైనా ఇవ్వనంటే గొడవ వద్దు. లంగరు ఎత్తడు, అంతే. తక్కిన ప్రయాణికులు ఏం మాట్లాడకుండా వాళ్ల వైపే చూస్తూ నిలబడతారు. రెండోది పూటకూళ్ల ఇల్లు. తలుపు పక్కన ఉప్పునీళ్ల గిన్నె, అందులో నాలుగు రాగి నాణేలు. ఎవరూ ముట్టరు, ఆఖరికి ఆ వీధి దొంగ కూడా. మూడోది, నిన్న వల వేయడానికి వెళ్లి తిరిగిరాని మనిషి ఇల్లు. అతని భార్య గుడి మెట్ల మీద ఒక కొవ్వొత్తి, గుప్పెడు పూలు పెట్టి పోతుంది. ఆమెకు అంబర్లీ మీద భక్తి ఉందా అని మీ ఆటగాడు అడిగితే ఆమెతో ఇలా అనిపించండి: "పెద్దోడు రేపు పడవెక్కుతున్నాడు బాబూ."

ఇవన్నీ చూసి కూడా గుడికి నిప్పు పెడతామంటే పెట్టనివ్వండి. మరునాడు పొద్దున రేవులో ఒక్క ఓడ కదలదు. చేపల ధర రెట్టింపవుతుంది, మూడోరోజుకు ఉప్పు దొరకదు. ఊరు వాళ్లను తిట్టదు, గుడి మళ్లీ కట్టడానికి చందా అడుగుతుంది. దేవత అలలు లేపి వాళ్లను శిక్షించినట్టు మాత్రం చేయకండి. అలా చేస్తే మళ్లీ అది దేవతతో యుద్ధం అయిపోతుంది, ఆటగాళ్లకు అదే సుఖం.

జట్టులో మంచి దేవుడి పూజారి ఉంటే అతనికీ చోటు ఇవ్వండి. ఆ లోకంలో మామూలు మనిషి ఒక్క దేవుడికే కట్టుబడడు. పెళ్లికి ఒకరు, పంటకు ఒకరు, సముద్రానికి ఇంకొకరు. ప్రమాణానికి కట్టుబడ్డ మీ పూజారి ఆ వెండి నాణేలు ఇస్తాడా, ఇస్తే తన దేవుడికి ఏమని చెప్పుకుంటాడు? ఆటకు అంతకన్నా మంచి రాత్రి దొరకదు.

*

ప్రతి అమావాస్యకూ ఒక మనిషిని బలిచ్చే పట్నం రాస్తున్నాను. నమ్మేలా ఉండాలంటే?
— ఒక పాఠకుడు, బెంగళూరు

అంకెలు వేసుకోండి. 600 మంది ఉన్న పట్నంలో అమావాస్యకు ఒకరు చొప్పున ఏడాదికి పన్నెండు, పదమూడు మంది. నూటికి ఇద్దరు. అయిదేళ్లలో పదోవంతు ఊరు ఖాళీ. పైగా చీటీ తీసి ఎంచితే పోయేవాళ్లలో పనిచేసే వయసువాళ్లూ ఉంటారు. రెండో ఏడాదికే కుటుంబాలు రాత్రికి రాత్రి బండి కట్టుకుని వెళ్లిపోవడం మొదలవుతుంది. వెళ్లలేని కారణం ఒకటి మీరు గట్టిగా పెట్టాలి. మంచు, ఎడారి, చుట్టూ నీళ్లు, ఏదైనా సరే.

ఇందాకటి ఫర్‌గాటెన్ రెల్మ్స్ లోకంలోనే హిమదేవత ఆరిల్ కథ ఈ చిక్కును బాగా దాటింది. సూర్యుడు ఉదయించని శీతాకాలంలో ఉత్తరాది పట్నాలు ప్రతి అమావాస్యకూ తమకు విలువైంది ఏదో ఒకటి వదులుకుంటాయి. కొన్ని పట్నాలు మనిషిని, కొన్ని ఆహారాన్ని, కొన్ని వెచ్చదనాన్ని, అంటే ఆ రాత్రి పొయ్యి వెలిగించకుండా గడపడాన్ని. ఆ మూడోది అన్నింటికన్నా గొప్ప ఊహ అని మా అభిప్రాయం. నెత్తురు చుక్క పడదు. పసిబిడ్డను ఇద్దరి మధ్య వేసుకుని తెల్లవార్లూ మేలుకుని ఉంటారు, అంతే. ఇలాంటి త్యాగాల మీద ముందు దృష్టి పెట్టండి. మనిషి బలి కావాలంటే అది తరానికి ఒకసారి జరిగి, ఆ ఇంటిపేరు ఊళ్లో ఇప్పటికీ గొంతు తగ్గించి చెప్పుకునేదిగా ఉంటే పదింతలు బరువు.

చీటీ పద్ధతి గురించి ఒక మాట. పెద్దింటి చీట్లు బుట్టలో ఉన్నాయా లేదా అన్న అనుమానం మొదటి నెల నుంచే ఉంటుంది. మీరు రాయకపోతే చదివేవాళ్లే అడుగుతారు.

*

గుడి ఎక్కడ కట్టాలి? ఇంట్లో కూడా పూజ ఉంటుందా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

గుడి ఊరి బయట. దేవుడి ముఖం బయటికి, వీపు ఊరికి. పొలిమేరలో ఉంటే కాపలా కాస్తాడు, నడిబొడ్డున పెడితే ఇంట్లో కూర్చోబెట్టినట్టే. రోబిగస్ పూజ అయిదో మైలురాయి దగ్గర జరగడంలో ఉన్న తెలివి అదే. దీనికి ఎదురు ఉదాహరణలూ లేకపోలేదు. రోమ్ నగరం మధ్యలోనే జ్వరదేవత ఫెబ్రిస్‌కు గుళ్లుండేవి, ఒకటి పాలటైన్ కొండ మీదే. రోగి ఒంటికి కట్టిన తాయెత్తుల్లాంటివి తీసుకొచ్చి అక్కడ వదిలేవారు. రోగం ఊళ్లోనే పుడుతుంటే గుడీ ఊళ్లోనే ఉంటుంది. మీ దేవుడు ఎటునుంచి వస్తాడో చూసుకుని గుడి అటు కట్టండి.

ఇంట్లో పూజ ఉండదు. గుమ్మం దగ్గర ఉంటుంది. కొట్ల ముందు నిమ్మకాయ, మిరపకాయలు గుచ్చి కట్టడం చూస్తున్నాం కదా. లక్ష్మికి అక్క అయిన జ్యేష్ఠాదేవికి పులుపు, కారం ఇష్టమని, గుమ్మంలోనే ఆకలి తీరితే లోపలికి రాకుండా వెళ్లిపోతుందని దానికి చెప్పే కారణం. ఇందాకటి ఆటలోకంలోనూ అదృష్టదేవత టైమోరాకు దురదృష్టదేవత బెషాబా తోబుట్టువే. పెళ్లిళ్లలో, కొత్త పనుల మొదట్లో బెషాబాను కూడా తలుచుకుంటారు, పిలవని పేరంటంగా వచ్చి చెడగొట్టకుండా. అక్కచెల్లెళ్లలో ఒకరిని పిలిచి ఒకరిని వదిలేయకూడదన్న ఈ జంకు మీ కథలో ఎక్కడైనా పనికొస్తుంది.

గుమ్మం పూజకు కావాల్సింది మూడే. వాడిపోయే వస్తువు, దాన్ని మార్చే వారం, పాతదాన్ని పారేసే చోటు. వాడిపోని వస్తువు పెడితే అది అలంకారమైపోతుంది, ఎవరూ గుర్తుంచుకోరు. పారేసే చోటు మరచిపోతే మాత్రం కథలో పెద్ద ఖాళీ. పాత నిమ్మకాయను ఎవరి కాలు తొక్కింది అన్నదాని మీదే ఒక అధ్యాయం నడుస్తుంది.

*

మా ఊరి అమ్మవారి జాతరను ఉన్నదున్నట్టు తీసుకుని నా కథలో చీకటి దేవతకు పెట్టొచ్చా? అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి.
— ఒక పాఠకుడు, వరంగల్

వద్దు. ఇది మర్యాద సంగతి మాత్రమే అనుకోకండి, కథ కూడా తప్పుతుంది.

బోనాలనే తీసుకోండి. 1813లో హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో మహమ్మారి వేలమందిని తీసుకుపోతున్నప్పుడు, ఉజ్జయినిలో ఉన్న సైనికులు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారని, తగ్గాక తిరిగొచ్చి సికింద్రాబాద్‌లో అమ్మవారిని నిలిపారని చెప్పుకునే చరిత్ర. కొత్త కుండలో బియ్యం, పాలు, బెల్లం వేసి వండి, కుండకు పసుపు కుంకుమలు పెట్టి, వేపమండలు కట్టి, పైన దీపం వెలిగించి ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని వెళ్తారు. దారిలో వాళ్ల పాదాలకు నీళ్లు పోస్తారు. రంగం, అంటే భవిష్యవాణి నాడు, ఒక స్త్రీ పచ్చికుండ మీద నిలబడి అమ్మవారి మాట పలుకుతుంది. చివర ఘటాన్ని సాగనంపుతారు. ఇందులో ఎక్కడా తల్లిని శత్రువుగా చూసినవాళ్లు లేరు. ఆమె రోగం తెచ్చేదని కాదు, రోగం నుంచి కాపాడే తల్లి, అలిగితే బుజ్జగించాల్సిన తల్లి. ఆషాఢంలో పుట్టింటికి వచ్చే ఆడపడుచు. ఈ రూపాన్ని తీసుకెళ్లి మీ చీకటి దేవతకు తొడిగితే, బోనం ఎత్తిన ప్రతి ఇంటినీ నొప్పించినట్టవుతుంది. కథలోనూ జనం ఆమెను ప్రేమిస్తున్నారా భయపడుతున్నారా అన్నది తేలకుండా పోతుంది.

తీసుకోవలసింది పనుల వరస. మొక్కు, వసూలు, మోసుకెళ్లడం, పలికించడం, సాగనంపడం. ఈ అయిదూ ప్రపంచంలో చాలా పూజలకు ఎముకల గూడు లాంటివి. కుండ, వేప, పసుపు, పోతరాజు మాత్రం మనవి, వాటిని వదిలేసి మీ లోకంలో దొరికే వస్తువులతో మళ్లీ అల్లుకోండి. వేపచెట్టే లేని మంచుదేశంలో చేదుగా, పచ్చగా, ఎప్పుడూ దొరికేది ఏముంది? అది వెతకడానికి రెండు రోజులు పట్టినా పట్టనివ్వండి. "అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి" అంటే మీరింకా లోకం కట్టలేదని అర్థం.

*

పూజ అయిపోయాక ఘట్టం ఎలా ముగించాలో తెలియడం లేదు. ఊరికే ఇళ్లకు వెళ్లిపోయారు అని రాస్తే చప్పగా ఉంటోంది.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

ఇళ్లకు వెళ్లడమే పూజలో అన్నింటికన్నా ప్రమాదమైన భాగం. కళ్లు తెరిచిన దేవుడు ఎవరి వెంటైనా వచ్చేయొచ్చు. అందుకే హెకటే భోజనం పెట్టినవాళ్లు వెనక్కి చూసేవారు కాదు. శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించుకున్నవాళ్లు ఇంకో గుడికి, చుట్టాలింటికి పోకుండా నేరుగా ఇంటికి వెళ్లాలన్న ఆచారం ఇప్పటికీ ఉంది.

మీ ఘట్టంలో తిరుగుదారికి నాలుగు నియమాలు పెట్టి, వాటిని ఎవరి నోటా చెప్పించకుండా చేసి చూపించండి. వెళ్లిన దారిన రారు. పాత్రలు ఉత్తవి తేరు, అక్కడే పగలగొడతారు, ఎందుకంటే ఖాళీ పాత్రలో ఏదైనా కూర్చుని రావచ్చు. పొలిమేరలో కాళ్లు కడుక్కుంటారు. దారిలో పేరు పెట్టి ఎవరినీ పిలవరు. నాలుగో నియమాన్ని ఒక పిల్లాడు తప్పాలి. ముందు నడుస్తున్న అమ్మను "అమ్మా" అంటే ఫర్వాలేదు, పేరు కాదు కదా. వెనకబడ్డ చెల్లిని పేరు పెట్టి కేకేస్తాడు. గుంపంతా ఒక్క అడుగు ఆగి, మళ్లీ నడుస్తుంది. ఆ చెల్లి ఆ రాత్రి మామూలుగా అన్నం తిని పడుకుందని రాయండి. మరునాడూ బాగానే ఉంటుంది. ఊరు మాత్రం ఆమెను ఏడాది పాటు నీళ్ల దగ్గరికి పోనివ్వదు.

ఇంకొకటి. చావింటి నుంచి బయల్దేరేటప్పుడు మనం "వెళ్లొస్తాం" అనం, ఏమీ చెప్పకుండా లేచి వస్తాం. మీ పూజారి ఆఖరి మంత్రం చదివాక జనం కూడా అలాగే లేవాలి. కొత్తగా కోడలై వచ్చిన పిల్ల అలవాటుకొద్దీ చేతులు జోడించి "వెళ్లొస్తాం స్వామీ" అనబోతుంటే, అత్త చెయ్యి ఆమె నోటి మీద పడుతుంది.